కాకతీయుల కథ – 9: మట్టిగోడను నమ్ముకున్న ఊరు

గత భాగంలో మోటుపల్లి రేవు దగ్గర ఆగాం. దేవగిరి యాదవుల చెర నుంచి బయటపడి గద్దెనెక్కిన గణపతిదేవుడు తీరాంధ్రాన్ని గెలిచాడు. 1244లో ఓడ వర్తకులకు అభయశాసనం వేయించాడు. గాలివానకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా రాజుదేనన్న పాత పద్ధతి పోయింది. నిర్ణయించిన సుంకం కడితే చాలన్న మాట సముద్రం మీదికి వెళ్ళింది. ఆ రేవులో దిగిన కర్పూరం, చందనం, ముత్యాలు బండ్లకెక్కి లోపలి దేశానికి కదిలాయి. ఆ బండ్లు చేరిన ఊరి కథ ఇది.

ముందుగా ఒక ప్రశ్న. హనుమకొండ ఉండగా ఓరుగల్లు ఎందుకు?

హనుమకొండకు ఏం తక్కువ? గుట్టలున్నాయి, నీళ్ళున్నాయి, గుట్ట మీద జైనుల నాటి నుంచి వస్తున్న పద్మాక్షి గుడి ఉంది. గణపతి పెదనాన్న రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనంతో వేయిస్తంభాల గుడి ఉంది. అయినా అది కల్యాణి చాళుక్యుల కింద సామంతులుగా బతికిన రోజుల ఊరు. చాళుక్యుల పట్టు సడలి, స్వతంత్రుణ్ణని చాటుకున్న రుద్రదేవుడికి తనదైన రాజధాని కావాలి. హనుమకొండకు ఆరేడు కిలోమీటర్ల అవతల, చదునైన నేల మీద ఒంటరిగా నిలిచిన ఒక పెద్ద రాతిగుట్ట చుట్టూ ఆయన కొత్త కోటకు పని మొదలుపెట్టించాడు. ఏకశిలానగరమని పండితులు రాసుకున్నది, ఓరుగల్లని జనం పిలుచుకున్నది ఆ ఊరినే.

మొదలుపెట్టినవాడు పూర్తిచేయలేదు. 1195లో రుద్రదేవుడు పోయాడు. తమ్ముడు మహాదేవుడు నాలుగేళ్ళు తిరక్కుండానే దేవగిరి మీదికి దండెత్తి అక్కడే కూలిపోయాడు. అతని కొడుకు గణపతి యాదవుల చేతికి చిక్కాడు. 1199లో విడుదలై వచ్చి, అరవై ఏళ్ళకు పైగా రాజ్యం ఏలి, రాతిగోడను ముగించినవాడు ఈ గణపతే. శత్రువు కోటలో బందీగా గడిపిన మనిషి గోడల విషయంలో ఎంత పట్టుదలగా ఉంటాడో ఊహించుకోవచ్చు. ఇది శాసనాల్లో దొరికే మాట కాదు, నా ఊహే. అయితే ఓరుగల్లు గోడలు చూసినప్పుడల్లా ఆ ఊహ బలపడుతూనే ఉంటుంది.

ఊరి రూపం ఇదీ. నట్టనడుమ స్వయంభూ శివుడి గుడి. దానికి నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు, ఒక్కోటి దాదాపు 10 మీటర్ల ఎత్తు. గుడి నుంచి నాలుగు దిక్కులకూ నాలుగు బాటలు, బాటల చివర నాలుగు కోట వాకిళ్ళు. ఈ నడిమి భాగాన్ని చుట్టి రాతికోట. దాని అడ్డుకొలత సుమారు 1.2 కిలోమీటర్లు. సున్నం అతుకు లేకుండా నల్లరాతి దిమ్మెలను ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టారు. గోడ చుట్టూ నీటి కందకం. గోడ నుంచి కందకంలోకి పొడుచుకొచ్చిన చతురస్రపు బురుజులు 45. లోపలివైపు నేల నుంచి గోడ పైదాకా మెట్ల వరుసలు. ఎక్కడ కేక వినబడితే అక్కడికి సిపాయి అటూ ఇటూ వెతుక్కోకుండా నేరుగా పైకెక్కిపోవచ్చు. రెండు బురుజుల మధ్య దూరం సగటున 80 మీటర్లకు కాస్త అటూఇటూ. కాబట్టి గోడను ఎక్కడ తాకినా రెండు వైపుల నుంచీ బాణాలు తప్పవు.

77 బురుజులు, బురుజుకొక నాయకుడు చొప్పున 77 మంది నాయకులు కాపలా కాశారని మనవాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు. వినడానికి బాగుంటుంది. గోడ వెంట నడిచి లెక్కపెడితే 45 దగ్గరే ఆగుతాం. నాయకులు నిజం, వాళ్ళ వంతులు నిజం. అంకె మాత్రం తర్వాతి కాలపు కథకుల చేతిలో పెరిగింది.

వాకిళ్ళ దగ్గర కాస్త నిదానంగా నడవాలి. బయటి ద్వారం దాటగానే ఎదురుగా లోపలి ద్వారం కనబడదు, గోడ అడ్డొస్తుంది. పక్కకు తిరగాలి, మళ్ళీ తిరగాలి. తలుపులు పగలగొట్టడానికి పరుగెత్తుకొచ్చే ఏనుగుకు ఆ మలుపులో వేగం చచ్చిపోతుంది. వెనుక తరుముకొచ్చే గుర్రాలు ఇరుకులో ఒకదానికొకటి అడ్డం పడతాయి. పైన మూడు వైపులా గోడల మీద మనుషులు నిలబడి ఉంటారు. ఇవాళ అదే మలుపులో ఆటోలు హారన్లు కొట్టుకుంటూ ఒకదాని కోసం ఒకటి ఆగుతుంటాయి. కట్టినవాడి ఎత్తుగడ ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా పనిచేస్తూనే ఉంది!

రాతికోట బయట మరో వలయం ఉంది. ఇదే మట్టికోట. అడ్డుకొలత 2.4 కిలోమీటర్లు, అంటే రాతికోటకు సరిగ్గా రెట్టింపు. దానికీ వెడల్పైన కందకం ఉంది. ఆ కందకం తవ్విన మట్టే గోడైంది. దీనికి ఇంకా బయట హనుమకొండను కూడా కలుపుకుంటూ దాదాపు 12.5 కిలోమీటర్ల అడ్డుకొలతతో మూడో కట్ట ఒకటి సాగేది. దాని ఆనవాళ్ళు అక్కడక్కడా మిగిలాయి. అంత పొడవున కాపలా పెట్టడం ఏ రాజుకైనా కష్టమే. కాబట్టి అసలు లెక్కంతా మొదటి రెండు గోడలదే.

ఓరుగల్లు చూడటానికి వెళ్ళినవాళ్ళు తోరణాల దగ్గర ఫోటోలు దిగుతారు, రాతిగోడ ఎక్కుతారు, తిరిగి వస్తారు. మట్టికోటను ఎవరూ పట్టించుకోరు. చెట్లు, పొదలు మొలిచిన ఒక కట్టను దారి కోసుకుంటూ పోతుంది, అంతే. కానీ ఓరుగల్లు నిజంగా నమ్ముకున్నది ఆ మట్టినే. లెక్క చూడండి. అడ్డుకొలత రెట్టింపైతే విస్తీర్ణం నాలుగింతలవుతుంది. రెండు గోడల లోపలి నేలంతా కలిపి నాలుగు వంతులనుకుంటే రాతికోటలో ఉన్నది ఒక్క వంతు. మిగతా మూడు వంతులు రాతిగోడకూ మట్టిగోడకూ మధ్యే ఉన్నాయి. జనానికి, పశువులకు, తోటలకు, సంతలకు చోటు దొరికేది అక్కడే. మట్టిగోడ పోయిందంటే ముప్పాతిక ఊరు పోయినట్టే.

ఈ గోడల మీద పరీక్ష గణపతి పోయిన వెంటనే వచ్చింది. ఆయనకు కొడుకులు లేరు. కూతురు రుద్రమదేవికి మగవేషం, మగపేరు ఇచ్చి పెంచాడు. రుద్రదేవ మహారాజుగా ఆమె 1262లో పూర్తిగా పగ్గాలు పట్టింది. ఆడది గద్దెనెక్కడం ఓర్వని సొంతవాళ్ళే తిరగబడ్డారని ప్రతాపరుద్ర చరిత్రం చెబుతుంది. ఇంటి గొడవ సద్దుమణిగేలోపే దేవగిరి యాదవ మహాదేవుడు దండెత్తి వచ్చాడు.

ఈ యుద్ధం గురించి రెండు ఆస్థానాలు రెండు కథలు చెప్పాయి. మన వైపు కథలో రుద్రమ శత్రువును ఓరుగల్లు గోడల దగ్గర ఓడించి, దేవగిరి దాకా తరిమి, కోటి వరహాలు కట్టించుకుంది. దేవగిరి మంత్రి హేమాద్రి రాసిన కథలో మహాదేవుడు ఆంధ్రుల ఏనుగులను పట్టుకుపోయాడు, స్త్రీని చంపడం ఇష్టంలేక రుద్రమను వదిలేశాడు. రెండిట్లోనూ గొప్పలు ఉన్నాయి. అయితే బీదరు కోటలో రుద్రమ బిరుదులతో ఒక శాసనం దొరికింది. బీదరు యాదవుల వైపు నేల. ఓడి, దయాభిక్షతో బతికిన రాణి శాసనం అక్కడ ఉండే అవకాశం లేదు. నా ఓటు రుద్రమకే. కోటి వరహాల సంగతి మాత్రం కథకులకే వదిలేద్దాం.

తండ్రి కట్టించిన రాతిగోడ ఎత్తు పెంచింది, లోపలి మెట్లు కట్టించింది ఆమేనని అంటారు. రాయగజకేసరి ఆమె బిరుదు. శత్రురాజులనే ఏనుగులకు సింహమన్నమాట. స్వయంభూ గుడి రంగమండపంలో సింహం మీద కూర్చుని, చేత కత్తి పట్టిన స్త్రీ శిల్పం ఆ బిరుదుకు రూపమే. 1289లో కాయస్థ సామంతుడు అంబదేవుడి తిరుగుబాటు కాలంలో ఆమె ఆయువు తీరింది. మరణవార్తను నల్గొండ జిల్లా చందుపట్లలో ఆమె సేవకుడొకడు వేయించిన శాసనం చెబుతోంది. మనవడు ప్రతాపరుద్రుడు రాజయ్యాడు.

ఓరుగల్లు నిండుగా పండింది ఈ ప్రతాపరుద్రుడి తొలి ఇరవై ఏళ్ళలో. ఆ ఊరి వీధుల్లో ఒకరోజు తిరగాలంటే మనకొక పుస్తకం ఉంది. వినుకొండ వల్లభరాయుడి పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామం. దానికి మూలం రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతంలో రాసిన ప్రేమాభిరామం. గోవింద మంచనశర్మ అనే బ్రాహ్మణుడు, టిట్టిభసెట్టి అనే కోమటి, ఇద్దరు స్నేహితులు ఓరుగల్లులో పొద్దుటి నుంచి రాత్రి దాకా తిరుగుతారు. కవికి నీతి చెప్పాలన్న తాపత్రయం లేదు. కంటబడినదల్లా చెప్పుకుంటూ పోతాడు. చరిత్రకారుడికి అంతకన్నా కావలసింది ఏముంది?

ఆకలేస్తే వాళ్ళు పూటకూళ్ళ ఇంటికి వెళతారు. అక్కడ ఒక్క రూకకు దొరికే భోజనం: కప్పురభోగి సన్నబియ్యపు అన్నం, గోధుమ పిండివంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు రకాల నంజుళ్ళు, గడ్డపెరుగు. ఊళ్ళోకి పనిమీద వచ్చే పరదేశులు ఎక్కువైనప్పుడే పూటకూళ్ళ ఇళ్ళు పుడతాయి. పోటీ ఉంటేనే ఒక్క రూకకు ఇన్ని వడ్డిస్తారు. రాజధాని ఎంత రద్దీగా ఉండేదో చెప్పడానికి ఆ ఒక్క విస్తరి చాలు.

తర్వాత వీధులు. ఒకచోట కోడిపందెం, ఒకచోట పొట్టేళ్ళ పోరు. పాములాడించేవాళ్ళు, జ్యోతిషం చెప్పేవాళ్ళు. ఏకవీరమ్మ కథను జవనిక అనే వాద్యం వాయించుకుంటూ పాడే ఆడవాళ్ళు. పల్నాటి వీరుల కథ పాడుతుంటే వీధిలో నిలబడి వినే జనం. మైలారుదేవుడి ముందు ఒళ్ళు గగుర్పొడిచే సాహసాలు చేసే భక్తులు. మరో వీధిలో ప్రతాపరుద్రుడికి ఇష్టసఖి అయిన మాచల్దేవి చిత్రశాల గృహప్రవేశం, గోడల నిండా పురాణ కథల బొమ్మలు. పల్నాటి యుద్ధం జరిగి అప్పటికి నూరేళ్ళు దాటింది, అది జరిగిన చోటు కృష్ణకు అవతల. అయినా ఆ కథ రాజధాని వీధుల్లో పాటైందంటే, తెలుగు నేలంతా ఒక గొడుగు కిందికి రావడం రాజుల లెక్కల్లోనే ఉండిపోలేదన్నమాట.

ఇక సంత. ఓరుగల్లులో దొరికిన ఒక శాసనం వర్తక సంఘాలు ఏ సరుకు మీద ఎంత సుంకం ఇవ్వాలో చెబుతుంది. జాబితా ఒక చివర కూరగాయలు, చింతపండు, మామిడిపళ్ళు, నువ్వులు, ఉప్పు, బెల్లం. మరో చివర మిరియాలు, రాగి, తగరం, సీసం, కస్తూరి, చందనం, ఏనుగుదంతం, ముత్యాలు. పక్క పల్లెలో పండిన చింతపండూ, మోటుపల్లిలో దిగిన ముత్యమూ ఒకే రాతి మీద, ఒకే సుంకాల జాబితాలో చేరాయి.

ఈ తిండి ఎక్కడిది? అది చెరువుల నుంచి వచ్చింది. గణపతి కాలంలోనే పాఖాల, రామప్ప, గణపురం చెరువులు తవ్వారు. ఆయన సేనాని రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి కట్టించాడు. పక్కనే చెరువు కట్ట పోశాడు. అడవి కొట్టి, కట్ట పోసి, నీరు పారించినవాడికి భూమి, పేరు, పదవి. బలం ఉన్నవాడు ఏ కులంవాడైనా నాయకుడు కావచ్చు. కాకతీయులు కూడా తాము క్షత్రియులమని గట్టిగా పట్టుబట్టినవాళ్ళు కారు. నాలుగో వర్ణంవాళ్ళమని వాళ్ళ శాసనాలే చెప్పుకున్నాయి. ఇదే ఆ రాజ్యం బలం. నాయకులు ఎవరి దారిన వాళ్ళు బలపడటం దాని బలహీనత. ఆ సంగతి వచ్చే భాగంలో చూస్తాం.

ఇక 1310. అంతకు ఏడేళ్ళ ముందు ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీన్ ఖిల్జీ బెంగాల్ దారిలో పంపిన సేన చావుదెబ్బ తిని తిరిగిపోయింది. ఈసారి సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ 1309 అక్టోబరు చివర ఢిల్లీలో బయలుదేరి దేవగిరి మీదుగా వచ్చాడు. అప్పటికే ఢిల్లీకి లొంగిపోయిన దేవగిరి రామచంద్రుడు అతని సేనకు తిండిగింజలు సమకూర్చాడు, దారి చూపించాడు. మూడు తరాలుగా ఓరుగల్లుతో కొట్లాడిన ఇంటికి ఆ పనిలో పెద్ద బాధ ఉండి ఉండదు. పక్కింటి పగ పరాయివాడికి ఎంతగా ఉపయోగపడుతుందో దక్కను రాజులు చాలా ఆలస్యంగా తెలుసుకున్నారు. కొందరు ఎప్పటికీ తెలుసుకోలేదు.

జనవరిలో కాఫూర్ హనుమకొండ గుట్ట పట్టుకున్నాడు. అక్కడి నుంచి చూస్తే ఓరుగల్లు ఇళ్ళు, మామిడి తోటలు, అరటి తోటలు, పనస చెట్లు కనబడ్డాయని అమీర్ ఖుస్రో రాశాడు. ఖుస్రో ఢిల్లీ ఆస్థానకవి. తాను స్వయంగా ఇక్కడికి రాలేదు, సేనతో వెళ్ళినవాళ్ళు చెప్పింది విని రాశాడు. గెలిచినవాడి పొగడ్త నిండా ఉంటుంది. అయినా మట్టిగోడ సంగతి అతనూ దాచలేకపోయాడు. ఉక్కు ఈటె దానిలో దిగదని, రాళ్ళు విసిరే యంత్రంతో గుండు కొడితే పిల్లల ఆటకాయలా ఎగిరి వెనక్కి పడుతుందని రాశాడు.

అది వట్టి అతిశయోక్తి కాదు. రాతిగోడకు దెబ్బ తగిలితే దిమ్మె కదులుతుంది, ఒకటి కదిలితే పైవి జారతాయి. ఒత్తుగా తొక్కి పోసిన మట్టి దెబ్బను మింగేస్తుంది. గుంట పడితే ఒక్క రాత్రిలో పూడ్చుకోవచ్చు, ఆ పనికి శిల్పి అక్కర్లేదు, ఊళ్ళో ఎవరైనా చాలు.

ఢిల్లీ సేన చెట్లు నరికి తన గుడారాల చుట్టూ కర్రకోట కట్టుకుంది. ఒక రాత్రి వెయ్యిమంది రౌతులతో కాకతీయ నాయకుడొకడు ఆ శిబిరం మీద పడ్డాడు, ఫలితం దక్కలేదు. కందకాన్ని మట్టీ రాళ్ళతో పూడ్చి, నిచ్చెనలు వేసి, ఫిబ్రవరి నడుమ ఢిల్లీ సేన మట్టిగోడ ఎక్కింది. కొద్దిరోజుల్లో మట్టికోటంతా చేజారింది. రాతికోట మాత్రం పడలేదు. కానీ మట్టికోట జనమంతా లోపలికి చొచ్చుకొస్తే, ఇందాక చెప్పిన లెక్కలో నాలుగు వంతుల ఊరు ఒక్క వంతులో ఇమడాలి. మనుషులకు గింజలు, గుర్రాలకు గడ్డి, అందరికీ నీళ్ళు. రాతిగోడ చెక్కు చెదరకుండానే ప్రతాపరుద్రుడు సంధికి దిగడానికి నాకు కనబడే కారణం ఇదే.

తన బంగారు ప్రతిమ ఒకటి చేయించి, దాని మెడలో గొలుసు వేసి లొంగుబాటుకు గుర్తుగా పంపాడని ఖుస్రో అంటాడు. 100 ఏనుగులు, 7,000 గుర్రాలు ఇచ్చాడని చరిత్రకారుడు బరనీ లెక్క. ఏటా కప్పం కట్టాలన్న ఒప్పందంతో మార్చిలో కాఫూర్ వెనుదిరిగాడు. ఆ మూటల్లో కోహినూరు కూడా ఉందని ఇప్పుడు చాలామంది నమ్ముతున్నారు. ఖుస్రో ఒక రత్నాన్ని సాటిలేనిదని పొగిడిన మాట నిజమే. అది కోహినూరేనని అతను చెప్పలేదు, చెప్పగలిగే కాలమూ కాదు. ఆ పేరు పుట్టింది నాలుగు శతాబ్దాల తర్వాత.

ఓరుగల్లు కథ అక్కడితో ముగిసిందనుకుంటే పొరపాటు. 1316లో ప్రతాపరుద్రుడి సేనాని ముప్పిడినాయకుడు కంచి దాకా వెళ్ళి గెలిచాడు. కప్పం నిలిపివేస్తే 1318లో ఢిల్లీ సేన మళ్ళీ వచ్చి వసూలు చేసుకుపోయింది. రెండుసార్లూ రాజు రాజుగానే మిగిలాడు. తోరణాల నడుమ స్వయంభూ దేవుడికి దీపం వెలుగుతూనే ఉంది.

వచ్చే భాగంలో ఆ దీపం ఆరిన కథ. ఘియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు ఉలుగ్ ఖాన్ మొదటి ముట్టడి, ఒక్క పుకారుతో అతని సేన చెల్లాచెదురైన తీరు, గెలిచామనుకున్న ఓరుగల్లు చేసిన తప్పు, 1323లో అయిదు నెలల ఆకలి, ఢిల్లీ దారిలో నర్మద ఒడ్డున ప్రతాపరుద్రుడి మరణం. ఈలోగా ఖిలా వరంగల్ వెళ్ళే వీలున్నవాళ్ళు తోరణాల దగ్గరికి పోయే ముందు మట్టికోట కట్ట మీద కాసేపు ఆగండి. దాని మీద చెత్త పోయకుండా, ఇళ్ళ కోసం తవ్వకుండా చూడమని అక్కడివాళ్ళతో ఒక మాట అనండి. రాతికోటకు టికెట్టూ కాపలా ఉన్నాయి. దీనికి ఊరివాళ్ళే దిక్కు.